ఫ్లెక్సీ నీడన మామ్మ గోంగూర

ఈ ఏడు మా చోడవరంలో ఎండలు ఎలా కాసేయంటే, కాకులు ఎగరడం మానేసి గోడ నీడ పట్టుకుని నడిచెళ్ళేవి. పంచదార ఫ్యాక్టరీ దాకా ఎళ్ళే ఓపిక లేక గోవాడ రోడ్డులో చెరకంతా తోటలోనే బెల్లం అయిపోతందని ఆటోలో నేను చెప్తే, ఇద్దరు దిగి చూసొచ్చేరు. నేనేం చెప్పినా ముందు నమ్మేసి తర్వాత తిట్టుకోడం ఈ ఊరోళ్ళకి అలవాటైపోయింది. ఆ తిట్లన్నీ పోగుపడి, అసలు నిజం చెప్పాల్సిన రోజుకి నా మాట ఎవరూ వినకుండా అయిపోయేరు.

నిజమేటంటే, మా మామ్మ మణెమ్మ పెరట్లో గంజాయి మొక్క పెంచతంది.

కావాలని కాదు. ఏ లారీలోంచో పడిపోయిన గోనిసంచి ఒకటి రోడ్డు మీద దొరికితే తెచ్చుకుని పెరట్లో దులిపింది. దులిపిన చోట మొక్క లేచింది. ఆకు వేళ్ళు చాపినట్టుంది కదా, గోంగూరలో కొత్త రకం అని మామ్మ తేల్చేసి, దాన్ని నల్ల ప్లాస్టిక్ కుండీలోకి మార్చింది. ఈలోగా ఎండకి ఆనపపాదు పోయింది, బెండ పోయింది, వంగ పోయింది. ఇదొక్కటే నిలబడింది.

నిలబడ్డం వల్లే వచ్చింది చిక్కంతా. మా చర్చిలో కోతల పండగ జూన్ మొదటి ఆదివారం. ఎవరింట్లో కాసింది వాళ్ళు తెచ్చి దేవుడికిస్తే, ఆరాధనయ్యాక వేలం పాడతారు. ఏటా ఎదురింటి శాలోమి ఆంటీ సరుకే ఎక్కువకి పోద్ది. మామ్మ సరుకుని ప్రతిసారీ పాస్టరు గారే జాలిపడి పాడుకుంటారు. ఈసారి ఆయన జాలి అక్కర్లేదని, ఈ మొక్కని దేవుడికిస్తానని మామ్మ ప్రార్థన కూటంలో లేచి అందరి ముందూ మాటిచ్చేసింది.

నేను ఫోన్లో బొమ్మ చూపించి ఇది గంజాయి మామ్మా, పట్టుకుంటే జైలు అన్నాను. మామ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"గంజాయంటే పొట్లాల్లో ఉంటాదే గుంటా. ఇది కుండీలో ఉంది."

పీకేద్దామని చెయ్యేసేను. మామ్మ చీపురందుకుంది. ఆ తర్వాత మంచం తెచ్చి మొక్క పక్కనే వేసుకుంది. ఈవిడ్ని జైల్లో పెడితే ఎలాగా అని నాకు నిజంగానే భయమేసింది. మొదట ఈవిడ గురించి, తర్వాత ఆ జైలోళ్ళ గురించి.

ఆ మొక్కకి జరిగిన సేవ మా తాతకి కూడా జరగలేదు. నల్ల కుండీ వేడి లాగేస్తదని దానికి తెల్లగా సున్నం పూసింది. గచ్చు కాలిపోతందని కింద ఇటుకలు పెట్టింది. మొక్క మొదలు దగ్గర ఎండు చెరకాకు పరిచి, చుట్టూ తడి గోనె కట్టింది. నీళ్ళు తెల్లారకముందే పోసేది, మిట్టమధ్యాహ్నం చుక్క పొయ్యనిచ్చేది కాదు. ఎండాకాలం ఎరువేస్తే వేళ్ళు మాడిపోతాయని నన్ను బళ్ళో పిల్లలాగ కూర్చోబెట్టి చెప్పింది. మా ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ మొక్కకెళ్ళిపోయింది. స్త్రీల సమాజం వాళ్ళొచ్చి కుండీ చుట్టూ నిలబడి, దీన్ని వడదెబ్బ నించి కాపాడమని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేరు. కళ్ళు తెరిచున్నది నేనొక్కదాన్నే.

ఇక నీడ. మా ఊళ్ళో ఫ్లెక్సీ ఏదైనా సరే, చిరిగి పడితే ఎవరో ఒకరింటికి చేరిపోద్ది. మా స్నానాలగది తలుపు ఒకాయన పుట్టినరోజు శుభాకాంక్షలు. మామ్మకి జంక్షన్లో గాలికి పడిపోయిన పెద్ద ఫ్లెక్సీ దొరికింది. నాలుగు కర్రలు పాతి, బొమ్మ కిందకొచ్చేలాగ మొక్క మీద పందిరేసింది. నేను కిందకెళ్ళి తలెత్తి చూసేను. అది పోలీసోళ్ళ ఫ్లెక్సీ. ఇంత లావు అక్షరాల్తో 'గంజాయికి దూరంగా ఉండండి' అనుంది. పక్కన అదే ఆకు, దాని మీద ఎర్రగా ఇంటూ.

చదువు మామ్మా అన్నాను. గట్టిగా చదివింది. మంచి మాటేనంది. మంచి మాట కింద పెరిగితే మొక్కకీ మంచిదేనంది. మరి ఆ ఆకో అన్నాను.

"దాని మీద ఇంటూ ఉందే. మనదాని మీద ఏదీ?"

పండగ ముందు శుక్రవారం కానిస్టేబుల్ సత్యారావు గారు వచ్చేరు. మొక్క కోసమే అనుకున్నాను. ఆయనొచ్చింది ఫ్లెక్సీ కోసం. మధ్యాహ్నం పెద్దాఫీసరు వస్తన్నారంట, ఈలోగా అది జంక్షన్లో కట్టెయ్యాలంట. మామ్మ మజ్జిగిచ్చి పెరట్లోకి తీసుకెళ్ళింది. ఆయన ఫ్లెక్సీ చూసేరు. మొక్కని చూసేరు. మళ్ళీ ఫ్లెక్సీ చూసేరు. మజ్జిగ గ్లాసు వంగిపోయి బూటు మీద కారిపోతన్నా కదల్లేదు. కాసేపటికి నన్ను పక్కకి పిలిచేరు.

"కేసు రాస్తే ఎక్కడ దొరికిందో రాయాల. మా ఫ్లెక్సీ కింద అని రాయాల. నేను సూల్లేదు, నువ్వూ సూల్లేదు. ఎండకి అదే పోద్ది."

ఫ్లెక్సీ చుట్టుకుని బండెక్కేసేరు. సాయంత్రానికి మొక్క తల వాల్చేసింది. శనివారం పొద్దున్నకి ఎండిపోయి చీపురు కట్టలాగయిపోయింది. గంజాయి నిర్మూలనకి ఆ ఫ్లెక్సీ నిజంగా పనికొచ్చింది అదొక్క రోజే.

నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పటికే మామ్మ చీర మార్చుకుని, కుండీ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చునుంది. స్టేషన్‌కి. కంప్లైంట్ ఇవ్వడానికి. మీ కానిస్టేబులు నీడ పట్టుకుపోయి దేవుడి మొక్కని చంపేసేడని.

ఎంత బతిమాలినా దిగలేదు. నేనూ ఎక్కేను. స్టేషన్ వరండాలో సత్యారావు గారు మమ్మల్ని చూసి గోడకి అతుక్కుపోయేరు. లోపల ఎస్సై గారు ఫోన్లో మాట్లాడతన్నారు. తలుపు తెరిచే ఉంది.

మామ్మ కుండీ బల్ల మీద పెట్టింది. "రేపు దేవుడికి ఏటి సెప్పమంటావు బాబూ? మొక్కకి మొక్క ఇచ్చీ. లేదంటే లోపలికెళ్ళి మీ పెద్దాయన్నే అడుగుతాను."

సత్యారావు గారు అటూ ఇటూ చూసేరు. వరండా మూల కుండీలో నిమ్మ మొక్క ఉంది, దానికి ఒకే ఒక్క కాయ. కుండీతో సహా తీసి మామ్మ చేతిలో పెట్టేసేరు. ఎండినదాన్ని పట్టుకుని స్టేషన్ వెనక్కి పరిగెట్టి, గొయ్యి తవ్వి పాతేసేరు. మామ్మ కాయ వంక చూసుకుంది. మొదటి కాయ, దేవుడికి ఇదే సరైందంది.

ఆదివారం వేలంలో నిమ్మ మొక్క పైకెత్తేసరికి పాస్టరు గారు అలవాటు కొద్దీ జాలిగా పాట మొదలెట్టేరు. వెనకనించి ఇంకో గొంతు. చూస్తే సత్యారావు గారు, లుంగీలో. ఆ మొక్క ఎస్సై గారిదంట, పొద్దున్నే ఏదని అడిగేరంట. పోలీసాయనే పాడతన్నాడంటే అందులో ఏదో ఉందని శాలోమి ఆంటీ కూడా దిగింది. ఆవిడ పెంచితే ఆయన పెంచేరు. ఆయన చెమటతో చర్చి గచ్చు తడిసిపోయింది. చివరికి ఆంటీ కూర్చుండిపోయింది. మా చర్చి పుట్టేక ఏ మొక్కా అంత పలకలేదు.

మామ్మ ఆయన దగ్గరికెళ్ళింది. కోపమంతా పోయింది. "ఆ గోనిసంచి ఇంకా ఉంది బాబూ. వచ్చే ఏడు మళ్ళీ దులుపుతాను. ఫ్లెక్సీ మాత్రం ముందే ఇచ్చీ."

సత్యారావు గారు కుండీ కింద పెట్టి, సంచి ఎక్కడుందని నన్నడిగేరు. అటక మీద, పాత ట్రంకుపెట్టె వెనకాల అన్నాను. ఆయన మా ఇంటి వైపు పరిగెట్టేరు. నేను చెప్పిన నిజాన్ని ఒక మనిషి మళ్ళీ అడక్కుండా నమ్మడం ఈ ఊళ్ళో అదే మొదలు.