తిట్ల ఊట చిరునామా

మా ఇంటి వెనక కొండవాలులో ఒక ఊట ఉండేది. కొండ ఊటల చప్పుళ్ళు పోగుచేసే ఊటల ఆఫీసువాళ్ళు దాని చప్పుడు కూడా రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టాక దానికి తిట్ల ఊట అన్న పేరు స్థిరపడింది. ఆ పేరుకి కారణం మా అత్తగారు.

రికార్డు చేయడానికి వచ్చినాయన్ని అందరూ చెవులాయన అనేవారు. ఎక్కడ తడి కనబడినా అక్కడ కూర్చుని చెవి ఒగ్గేవాడు. ఆ రోజు రాళ్ళ మధ్య చిన్న మైకు పెట్టి, నోటి మీద వేలుంచి మా అందరికీ సైగ చేశాడు. నేను ఊట కింద బిందె పట్టుకుని నిలబడి ఉన్నాను. నీళ్ళు బిందెలో పడుతుంటే ముందు మోటుగా, తర్వాత మెత్తగా, తర్వాత ఎవరో లోపల కూర్చుని గొణుగుతున్నట్టు వినిపించింది. వింటూ వింటూ నేను ఎక్కడికో వెళ్ళిపోయాను. బిందె నిండి పొర్లిపోయింది. అప్పుడు పైనుంచి అత్తగారి కేక. ముందు నా పేరు, దాని వెనకే తిట్టు. "బిందె నిండి ఏరై పారుతోంది, నీ కళ్ళు కూడా అందులోనే పడి కొట్టుకుపోయాయా ఏం?"

కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ నన్ను తన కూతురి పేరుతోనే పిలిచేది. ఆడపడుచు అప్పటికే పెళ్ళయి వెళ్ళిపోయింది గానీ, అత్తగారి నాలుక మీంచి ఆ పేరు దిగలేదు. పిలిస్తే నేను వెంటనే పలికేదాన్ని కాదు, నన్ను కాదేమో అని. పలకనందుకు తిట్లు. అవీ ఆ పేరుకే. నేను తినేవి కూడా వేరొకరి తిట్లే అనిపించేది. ఊట దగ్గర ఆ రోజు మొదటిసారి నా పేరు ఆవిడ నోట వచ్చింది. కోపంలో వచ్చింది. అయినా అది నాదే.

చెవులాయన ఆ కేకను తీసేయలేదు. "నీళ్ళతో వచ్చింది, నీళ్ళతోనే ఉండనీండి" అన్నాడు.

తర్వాత అత్తగారు పోయారు. మా ఆయనా పోయారు. ఒక వానాకాలం వాలు మెల్లగా జారడం మొదలుపెట్టింది. గోడలు బీటలిచ్చాయి. ఇల్లు వదిలి కింద ఊళ్ళో కొడుకు, కోడలి దగ్గరికి వచ్చేశాను. కోడలు నా ఫోన్‌లో ఊట లింకు పెట్టి ఇచ్చింది. పొద్దున్నే కళ్ళు తెరవగానే దాని మీద వేలు ఆనిస్తే నీళ్ళు, నీళ్ళలోంచి నా పేరు, తిట్టు.

"పొద్దున్నే ఒక తిట్టు తింటే గానీ మీకు టీ గొంతు దిగదు అత్తయ్యా" అనేది కోడలు.

"నీ చేత తిట్టించుకోలేక ఈ ఏర్పాటు చేసుకున్నాను" అనేదాన్ని.

ఒక పొద్దున వేలు ఆనించాను. నీళ్ళు వచ్చాయి. నా పేరు రాలేదు. మళ్ళీ మొదటినుంచి విన్నాను. రాలేదు. నిద్రమత్తు వదల్లేదనుకుని ఊరుకున్నాను. అది మొదలు కలల్లో అత్తగారు వాలు మీద ఒక్కో మెట్టూ పైకి ఎక్కిపోతూ కనబడేది. పొగమంచులో చీరకొంగు మాత్రం తెలిసేది. నోరు కదిలేది గానీ మాట నా దాకా దిగేది కాదు. మెలకువ వచ్చి ఫోన్ మీద వేలు ఆనిస్తే మళ్ళీ ఆ నీళ్ళే. తొందరతొందరగా, తేలిగ్గా, ఎవరినీ పట్టించుకోని నీళ్ళు. కోడలికి చెప్తే ఫోన్ స్పీకరు చూసింది, తుడిచింది, బాగానే ఉందంది.

మా కోడలి ఉద్యోగం సర్వర్లను పరీక్షించడం. ఒక ఊరి సర్వర్లో ఉన్న సమాచారం ఇంకో ఊరి సర్వర్లోని సమాచారంతో లింకుల ద్వారా ముడిపడాలంటే అన్నీ ఒకే పద్ధతి పాటించాలట. ఆ పద్ధతులకు ప్రమాణాలున్నాయి. సర్వర్ వాటి ప్రకారం నడుస్తోందో లేదో చూసి, నడుస్తుంటే సర్టిఫికెట్ రాసివ్వడం తన పని. ఒక రోజు అన్నం తింటూ, రేపు ఊటల ఆఫీసుకు వెళ్తున్నానంది.

"నేనూ వస్తాను" అన్నాను.

"మీరు వచ్చి ఏం చేస్తారు అత్తయ్యా?"

"నా తిట్టు ఏమైందో అడుగుతాను."

ఊటల ఆఫీసు ఒకప్పటి ఐసు ఫ్యాక్టరీలో ఉంది. లావుపాటి గోడలు, ఎత్తైన గదులు. లోపల కాలు పెట్టగానే నేల పొడిగానే ఉన్నా తడిలో నడుస్తున్నట్టు అనిపించింది. ప్రతి గదిలోనూ ఒక స్పీకరు ఏదో ఒక ఊటను సన్నగా వినిపిస్తోంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తుంటే ఒక నీరు తగ్గుతూ ఇంకో నీరు దగ్గరవుతూ ఉంది. కిటికీల బయట మంచు పట్టి వీధి కనబడటం లేదు. ఎక్కడున్నామో, ఏ పూటో కూడా మరిచిపోయేలా ఉంది.

ఆ ఆఫీసుకి పెద్ద, పెద్దసారు, మెడకు మఫ్లరు చుట్టుకుని ఎదురొచ్చాడు. చెవులాయన కూడా అక్కడే ఉన్నాడు. జుట్టు నెరిసింది గానీ చెవులు అలాగే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"ఈ వారంలో సర్టిఫికెట్ రాకపోతే మిగతా ఊళ్ళు మమ్మల్ని కలుపుకోవమ్మా" అన్నాడు పెద్దసారు కోడలితో. "కలుపుకోకపోతే పైవాళ్ళు ఈ ఆఫీసు ఎత్తేస్తారు. మీ చేతిలో ఉంది."

"నా చేతిలో ఏమీ లేదు సార్, అంతా మీ సర్వర్ చేతిలో ఉంది" అంది కోడలు కంప్యూటర్ తెరుస్తూ.

నేను పక్కన కూర్చున్నాను. ప్రమాణాల్లో మూడు రకాల మాటలుంటాయని కోడలు నాకు చెప్పింది. తప్పదు అన్నవి కొన్ని. చేస్తే మేలు అన్నవి కొన్ని. మీ ఇష్టం అన్నవి కొన్ని.

"మా అమ్మ కాలంలో మా ఇంట్లో ఆ మూడోది లేదు" అన్నాడు పెద్దసారు, మా అత్తగారి గురించి నేను చెప్పబోయే మాట తన ఇంటి గురించి చెప్పేసి. అందరం నవ్వాం.

పరీక్ష మొదలైంది. కోడలి యంత్రం సర్వర్ని అడుగుతుంది, సర్వర్ జవాబిస్తుంది. ఇదిగో ఒక కొత్త పేజీ, పెట్టుకో. పెట్టుకున్నాను, దాని చిరునామా ఇది. అందులో ఏముందో చూపించు. ఇదిగో. ఇప్పుడు తీసెయ్. తీసేశాను. మళ్ళీ చూపించు. అది లేదు. ఒక్కో జవాబుకి ఒక ఆకుపచ్చ గీత. అవి ఒకదాని కింద ఒకటి దిగుతుంటే వానాకాలంలో వాలు మీద గడ్డి మొలుస్తున్నట్టు ఉంది. నాకు కునుకు పట్టింది. కునుకులో కూడా ఎవరో అడుగుతున్నారు, ఎవరో జవాబిస్తున్నారు.

కోడలు కుర్చీ ముందుకు జరుపుకున్న చప్పుడుకి కళ్ళు తెరిచాను. గీతల మధ్య ఒకటి పసుపురంగులో ఉంది.

"సార్, ఒక పేజీ తీసేశాక దాని చిరునామాను మీ సర్వర్ వెంటనే ఇంకో కొత్త పేజీకి ఇచ్చేస్తోంది" అంది.

"ఇస్తుంది. మేమే అలా నేర్పాం" అన్నాడు పెద్దసారు గర్వంగా. "ఒక ఊట ఎండిపోతే ఆ దిగువన ఎక్కడో ఇంకోటి పుడుతుంది. నీళ్ళు చావవమ్మా, చోటు మార్చుకుంటాయి. అవే నీళ్ళు, అదే చిరునామా. మేం మొదటినుంచీ అలాగే చేస్తున్నాం."

గదిలో ఊట చప్పుడు ఒక్కసారి దగ్గరైనట్టు అనిపించింది.

"మా ఊట ఎండిపోయిందా?" అని అడిగాను.

పెద్దసారు చెవులాయన వైపు చూశాడు. చెవులాయన నేల వైపు చూశాడు.

"వాలు జారినప్పుడు లోపల దారి మూసుకుపోయిందమ్మా" అన్నాడు చెవులాయన. "దిగువన కొత్త ఇళ్ళ దగ్గర ఒకటి పుట్టింది. మీదాని స్థానంలో దాన్ని పెట్టాం."

"మరి పాత రికార్డు?"

"దాన్ని చెరిపేసే దీన్ని పెట్టాం. నా దగ్గరా లేదు. ఒకే చిప్ ఉండేది, దాని మీదే ఒకదాని మీద ఒకటి రికార్డు చేసుకుంటూ పోయాను."

సర్వర్ బీరువాలో ఫ్యాను తిరుగుతున్న మోత వినబడుతోంది. నాకు ఏడుపు రాలేదు. పొగమంచులో అత్తగారు ఎక్కుతున్న మెట్లు నిజంగానే అయిపోయాయని అనిపించింది, అంతే.

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, ఆ పసుపు గీత తప్పదు అన్నదా, చేస్తే మేలు అన్నదా?"

"చేస్తే మేలు అన్నదే సార్."

"అంటే సర్టిఫికెట్ ఆగదు."

"ఆగదు."

"ఇంకేం మరి. అలా వదిలెయ్."

కోడలు వదల్లేదు. రాయనూ లేదు. నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడి స్పీకరు తగ్గించి నా ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, నేను గట్టిగా పట్టుబడితే ఆయన మారుస్తారు. మారిస్తే కొత్త ఊటకి కొత్త చిరునామా ఇస్తారు. మీ లింకు మాత్రం రేపటినుంచి ఖాళీ. వేలు ఆనిస్తే లేదు అని వస్తుంది, ఇంకేమీ రాదు. మార్చకపోతే ఆ నీళ్ళైనా వినిపిస్తాయి. పొద్దున్నే లేచి మీరు లేదు అన్న మాట చదువుకుంటుంటే నేను చూడలేను. మీరే చెప్పండి."

"నీ ఉద్యోగం సంగతి నన్నడుగుతావేంటి?"

"ఇది ఉద్యోగం కాదు కాబట్టి."

నేను చెవులాయన్ని పిలిచి ఆ కొత్త ఊటను ఒకసారి సరిగ్గా వినిపించమన్నాను. ఆయన నా చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించాడు. కళ్ళు మూసుకున్నాను. ఫోన్‌లో వినిపించనివన్నీ ఇందులో వినిపించాయి. నీరు పలచటి రాళ్ళ మీద గెంతుతోంది. దూరంగా రేకు బకెట్టు చప్పుడు. ఒకావిడ ఏదో లెక్క చెప్పుకుంటోంది, మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదటికి వస్తోంది. ఒక చంటిబిడ్డ ఏడవబోయి మానుకుంది. నేను అందులోనే నడుస్తున్నట్టు ఉంది, కాళ్ళకింద చల్లగా. ఇన్నాళ్ళూ ఇందులో నా పేరు వెతికాను. దొరకలేదని దీన్ని రోజూ లోలోపల విసుక్కున్నాను. ఇది ఎవరి ఇంటి వెనక ఊటో, దీని దగ్గర ఎవరు ఎవరిని పిలుస్తున్నారో ఒక్కసారీ వినలేదు. అత్తగారు నన్ను తన కూతురి పేరుతో పిలిచి, పలకలేదని తిట్టినట్టే నేను దీన్ని తిట్టుకున్నాను.

హెడ్‌ఫోన్లు తీసి పెద్దసారు గదిలోకి వెళ్ళాను.

"సార్, ఇది మా ఊట కాదు" అన్నాను.

"అవే నీళ్ళమ్మా."

"నీళ్ళు అవే కావచ్చు. అత్తారింటికి కొత్తకోడలు వస్తే, వెళ్ళిపోయిన కూతురి పేరు పెట్టి పిలుస్తామా? పిలుస్తారు కొందరు. ఆ కోడలికి అదేమంత సుఖం కాదు. ఈ పిల్ల ఊట చిరునామా దానికి ఇవ్వండి."

"అప్పుడు మీకు ఏమీ ఉండదు."

"నాకు లేదన్న సంగతి నిజంగా ఉంటుంది. ఇప్పుడు అదీ లేదు."

పెద్దసారు మఫ్లరు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఎండిపోయినవి ఎన్నో ఉన్నాయి, అన్నింటినీ విడదీయాలంటే నడుం విరుగుతుందన్నాడు. కోడలు, సర్వర్‌కి కొత్త అలవాటు నేర్పడం చిటికెలో పని, పాతవి నెమ్మదిగా విడదీసుకోవచ్చు, ఈ పూట ఒక్కటి చేద్దాం అంది. "మిగతా ఊళ్ళవాళ్ళు మీ ఊటలకి లింకులు పెట్టుకుంటారు సార్. ఒకదాన్ని నమ్మి వచ్చినవాళ్ళకి ఇంకోదాన్ని చూపిస్తే, రేపు మీ మాట ఎవరు నమ్ముతారు?" చెవులాయన వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అది చూసి పెద్దసారు, "మీరంతా ఒక్కటై వచ్చినట్టున్నారే" అని నవ్వేశాడు.

కొత్త ఊటకి కొత్త చిరునామా ఇచ్చారు. దాని పేజీలో, ఈ నీరు ఇంతకుముందు పైన ఇంకోచోట పుట్టేది అని రాసి, పాత చిరునామాకి లింకు పెట్టారు. అక్కడ ఏమీ లేకపోయినా లింకు పెట్టవచ్చట. పాత చిరునామా దగ్గర యంత్రాలకైతే ఒక అంకె చాలు, ఇది శాశ్వతంగా పోయింది అని అర్థం చేసుకుంటాయి. మనుషులకు మాత్రం ఒక మాట రాయాలి.

"మీరే చెప్పండి, నేను కొడతాను" అన్నాడు చెవులాయన.

చెప్పాను. "ఇక్కడ తిట్ల ఊట ఉండేది. ఇప్పుడు లేదు. ఈ చోటు ఇంకెవరికీ ఇవ్వలేదు."

కోడలు పరీక్షను మళ్ళీ మొదటినుంచి నడిపింది. పెట్టింది, తీసేసింది, మళ్ళీ పెట్టింది. కొత్తదానికి కొత్త చిరునామా వచ్చింది. పసుపు గీత ఉన్నచోట ఆకుపచ్చ గీత వచ్చి కూర్చుంది. పెద్దసారు సర్టిఫికెట్ కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు.

మర్నాడు పొద్దున కళ్ళు తెరవగానే వేలు ఆనించాను. చప్పుడేమీ రాలేదు. మూడు మాటలూ చదివాను. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆ మాటలు నా లోపలే ఎవరో చదివి వినిపించినట్టు ఉంది. అత్తగారు ఆ రాత్రి కలలోకి రాలేదు. వాలు మాత్రం వచ్చింది. మంచు విడిపోయి, ఖాళీగా, శుభ్రంగా, ఎవరి కోసమో ఊడ్చి పెట్టినట్టు.

కొన్నాళ్ళకి కోడలు సాయంత్రం నా పక్కన కూర్చుని తన కంప్యూటర్లో ఏదో చూపించింది. ఊటల ఆఫీసు సర్వర్‌ని ఎవరెవరు ఏ చిరునామా అడిగారో అందులో వస్తుందట.

"ఇదిగో అత్తయ్యా, ఇది మీ ఊటది. ఎక్కడో దూరపు ఊరునుంచి ఎవరో అడిగారు."

"ఎవరు?"

"అది తెలియదు. మనుషులే. అడిగారు, జవాబు చదువుకున్నంతసేపు ఉన్నారు, వెళ్ళిపోయారు."

"మళ్ళీ వచ్చారా?"

కోడలు కిందికి జరిపి చూసింది. "వచ్చారు" అంది.