దేవుడి మధ్యాహ్నపు కునుకు

అర్చకులు పాలించే ఆ దేశంలో దేవుడు రోజూ భోజనం కాగానే కాసేపు నడుం వాల్చేవాడు. అది పాత మాట. ఇప్పటి ప్రధానార్చకుడికి వయసు మీదపడేకొద్దీ దేవుడికి నిద్ర పెరుగుతూ వచ్చింది. నడినెత్తిన ఎండ ఉండగా మొదలైన కునుకు ఇప్పుడు దీపాలు పెట్టేదాకా సాగుతోంది. ఈ రెండింటికీ ఏదో సంబంధం ఉందన్నవాడు ఒకడుండేవాడు. ఇప్పుడు లేడు.

దేవుడు పడుకున్నంతసేపూ ఊరు కిక్కురుమనకూడదు. రోకళ్ళు ఆగిపోవాలి, కుక్కల మూతులకు గుడ్డలు కట్టాలి, దగ్గొచ్చిన ముసలివాళ్ళు దిండులో మొహం దూర్చుకోవాలి. ఆ వేళ పుట్టి ఏడ్చిన బిడ్డ దేవుణ్ణి లేపిన బిడ్డ కాబట్టి ఇక దేవుడిదే. అర్చకులు పొత్తిళ్ళతో సహా గుడికి పట్టుకుపోతారు. అక్కడ పిల్లలు చల్లగా, హాయిగా ఉంటారని చెబుతారు. ఎవరు చెబుతారంటే, పట్టుకుపోయినవాళ్ళే. తిరిగొచ్చి చెప్పిన పిల్ల ఇంతవరకూ లేదు.

అందుకే రాగిపాత్రలు చేసే కంచరి ఆ రోజు పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. లోపలి గదిలో భార్యకు నొప్పులు. తెల్లారకముందే మొదలయ్యాయి కాబట్టి దేవుడి భోజనంలోపు తేలిపోతుందని పురుడు పోయడానికొచ్చిన అత్తగారు ధైర్యం చెప్పింది. లోపలున్న బిడ్డకు మాత్రం ఆ తొందర ఉన్నట్టు కనిపించలేదు. వీధి చివర తెల్లజెండా లేచింది. దేవుడు పడుకున్నాడన్నమాట.

కంచరి మంచివాడు. అంటే భయస్థుడు. ఆ దేశంలో మంచివాడంటే అర్థం అదే. జెండా చూడగానే సుత్తి దించి కొలిమి పక్కన కూర్చున్నాడు. ఎదురుగా, ఎవరో సత్రం వంటకని చెయ్యమన్న పెద్ద గంగాళం బోర్లించి ఉంది. కాసేపు దాన్నే చూసి, లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"అత్తయ్యా, ఇంకాసేపు ఆపడానికి కుదరదా?" అని సందులోంచి గుసగుసగా అడిగాడు.

"ఆపడానికి ఇదేమన్నా నీ కొలిమా బాబూ," అంది అత్తగారు అంతే మెల్లగా. "వెళ్ళి నోరు మూసుకుని కూర్చో. ఆ ఒక్కటీ నీకు బాగా వచ్చుగా."

భార్య తువ్వాలు కరుచుకుని ఒక్క మూలుగు కూడా బయటికి రానివ్వలేదు. తల్లికి చట్టం తెలుసు, బిడ్డకేం తెలుసు? భూమ్మీద పడగానే కెవ్వుమంది.

కంచరి గబగబా చుట్టూ చూశాడు. ఆ ఏడుపు వినపడకుండా ఏదో ఒకటి చెయ్యాలి. మరొకడైతే తలుపులు బిగించేవాడు, దుప్పటి అడ్డం కట్టేవాడు. ఇతను కంచరి. చేతికి దొరికింది సుత్తి. చప్పుడు మీద ఇంకో చప్పుడు వేస్తే మొదటిది అణిగిపోతుందని ఆ క్షణాన తోచింది. బలంకొద్దీ ఎత్తి గంగాళం మీద వేశాడు.

ఊళ్ళో పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. కుక్కలు మూతిగుడ్డలు పీకేసుకున్నాయి. గంగాళం ఎంతకీ ఆగకుండా మోగుతూనే ఉంది. కల్తీలేని రాగి మరి.

"భేషుగ్గా ఉంది," అంది అత్తగారు గుమ్మంలోకి వచ్చి. "దాని ఏడుపు పక్కింటిదాకా వెళ్ళేది. నువ్వు పొలిమేర దాటించావు."

ఊరి నిశ్శబ్దాన్ని కాపాడే అర్చకుడు రానే వచ్చాడు. కాళ్ళకు మెత్తటి జోళ్ళు, చంకలో పిల్లల్ని చుట్టి తీసుకెళ్ళే పట్టుగుడ్డ. ఒక చెంపమీద దిండు ముడతల గుర్తు ఇంకా పోలేదు.

"ముందు మోగింది ఏది? బిడ్డా, గంగాళమా?"

"నేనే స్వామీ. నన్ను తీసుకెళ్ళండి." కంచరి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. బిడ్డ మొహమైనా ఇంకా చూడలేదు, కానీ అది పోతే తాను బతకలేనని అతనికి అర్థమైపోయింది.

"నిన్నేం చేసుకుంటాడు దేవుడు? పక్కకు తప్పుకో."

"తీసుకెళ్దురుగాని స్వామీ," అంది అత్తగారు చేతులు తుడుచుకుంటూ. "ఇంతకీ దేవుడు లేచినట్టేనా?"

"ఇంత చప్పుడుకు లేవకుండా ఉంటాడా?"

"అయ్యో, అయితే మీకందరికీ పస్తేనా? దేవుడికి నిద్ర చెడితే మళ్ళీ పడుకునేదాకా అర్చకులు పచ్చిమంచినీళ్ళు ముట్టకూడదని, నడుం వాల్చకూడదని మీరే చాటింపు వేయించారుగా. ప్రధానార్చకులవారు ఈ వయసులో ఎలా తట్టుకుంటారో. అవునూ, లేచి ఏమన్నాడు దేవుడు? పక్కన మేలుకుని కూర్చున్నవాళ్ళు వినే ఉంటారుగా."

అర్చకుడు చెంప తడుముకున్నాడు. దేవుడి పక్కన మేలుకుని కూర్చోవలసిన వంతు ఆ పూట తనదే.

"లేవలేదు," అన్నాడు.

"అంత మోతకీ లేవలేదా? అమ్మో, దేవుడికి చెవుడని ఊళ్ళో అనుకుంటారేమో స్వామీ."

"నోరు ముయ్యి. చప్పుడైతే కదా లేవడానికి? చప్పుడే కాలేదు."

"మరి గంగాళం?"

"అది మోగే రకం కాదు."

"పిల్ల?"

లోపల పిల్ల చెవులు చిల్లులుపడేలా ఏడుస్తోంది. అర్చకుడు తల వంచి శ్రద్ధగా విన్నాడు.

"పాపం, పుట్టుమూగ," అన్నాడు. తర్వాత కంచరివైపు తిరిగాడు. "మూగవాళ్ళు అర్చకుల ముందు నోరు విప్పకూడదు. సాక్ష్యం చెప్పకూడదు, ఏదీ అడగకూడదు. ఎంత పెద్దదైనా అంతే. ఇష్టమేనా?"

కంచరి తలూపాడు. పిల్ల దక్కిందన్న సంతోషం ఒక పక్క, దాని నోరు తానే ధారపోశానన్న సిగ్గు ఇంకో పక్క. లోపలికి వెళ్ళి పిల్లను చేతుల్లోకి తీసుకున్నాడు. ఎర్రగా కందిపోయి, పిడికిళ్ళు బిగించి అరుస్తోంది. అలవాటుకొద్దీ పెదవులమీద వేలు పెట్టి "ష్" అన్నాడు.

"ఎందుకాపుతారు?" అంది భార్య నీరసంగా. "ఏడవనివ్వండి. వినపడదని వాళ్ళే చెప్పారుగా."

వాకిట్లో అర్చకుడు ఒక్క క్షణం ఆగాడు. పిల్ల ఇంకాస్త గట్టిగా అందుకుంది. అతను ఏమీ వినని మొహం పెట్టుకుని వీధివెంట నడిచి వెళ్ళిపోయాడు.

తలుపుల వెనకనుంచి వీధిలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కంచరి గుమ్మం ముందు నిలబడ్డారు. వాళ్ళలో పట్టుగుడ్డలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులున్నారు. దేవుడు పడుకున్నాడు కాబట్టి వాళ్ళు ఏడవడానికి వీల్లేదు. కొంగులు నోట్లో కుక్కుకుని, ఆ మూగపిల్ల తమకోసం కూడా ఏడుస్తుంటే వింటూ ఉండిపోయారు.