ఇంకోసారి చెప్పు

రేపల్లెలో మా వీధి మొదట్లో ఎవర్నయినా ఆపి "హెలెన్ టీచరుగారి ఇల్లు ఎక్కడండి?" అని అడిగి చూడండి. చెయ్యెత్తి చూపించరు. "కాసేపాగండి, ఆవిడ అరుపు వినపడుతుంది, అటు వెళ్ళిపోండి" అంటారు. ఆరేళ్ళుగా నా పేరు అలా పాడైపోయింది. నేనేమో నోరు మూసుకుని భరిస్తున్నాను. నోరు తెరుచుకుని భరిస్తున్నానంటే ఇంకా నిజం.

అసలు సంగతేంటంటే మా ఆయనకి చెవులు సరిగా వినపడవు. బొత్తిగా కాదు. దగ్గరకెళ్ళి గట్టిగా చెబితే వినపడుతుంది. మామూలు గొంతుతో చెబితే మాత్రం మొహం నావైపు తిప్పి, చాలా మర్యాదగా, "ఏంటి? ఇంకోసారి చెప్పు" అంటారు. టీ పెట్టనా అంటే ఇంకోసారి చెప్పు. కరెంటు బిల్లు వచ్చిందంటే ఇంకోసారి చెప్పు. మూడోసారికి నా గొంతు లేస్తుంది చూడండీ, ఎదురుగా దర్జీ కొండయ్య మిషను తొక్కడం ఆపేస్తాడు. మిషన్ బడిలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఎక్కాలు చెప్పిన గొంతు మరి, మెత్తగా ఎక్కణ్ణించి వస్తుంది?

మా ఆయన పేరు శాలేమురాజు. రేపల్లె, తెనాలి కోర్టుల్లో వకీలు. వకీలుని పెట్టుకునే స్తోమత లేనివాళ్ళకి కోర్టువారే ఒక వకీలుని ఇస్తారు కదా, ఆ వకీళ్ళలో ఈయన ఒకరు. భట్టిప్రోలు, వేమూరు, చెరుకుపల్లి వైపు కూలిపనులు చేసుకునేవాళ్ళు ఏ గొడవలో ఇరుక్కున్నా చివరికి మా వరండాలోనే తేలతారు. ఆ పనంటే ఆయనకి ప్రాణం. తెనాలి కోర్టులో శ్యాంప్రసాద్ గారని ఇంకో వకీలు ఉన్నారు, బాపట్ల మనిషి. వీళ్ళిద్దరూ ఎదురెదురు పడితే కోర్టు బయట టీ కొట్టు దాకా వినపడేదట. వాళ్ళకి ఒకరంటే ఒకరికి పడదని తెనాలంతా అనుకుంటుంది. నేనూ అనుకున్నాను.

చెవుల సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆయన మొదట్లోనే నా దగ్గర మాట తీసుకున్నారు. చెవి మిషను పెట్టుకుంటే పోయేదానికి ఎందుకండీ ఈ దాపరికం అని నేను రేగిపోయాను. ఆయన చేతిలో ఉన్న కేసు కాగితాలు పక్కన పెట్టారు. తర్వాత అన్నారు: "ఊరికే వచ్చే వకీలు కదా, చెవిటివాడైతే మాత్రమేంటి, సర్దుకోండి అంటారు హెలెన్. నన్ను ఎన్నన్నా పడతాను. నా దగ్గరకొచ్చేవాళ్ళని ఎవరైనా ఆ మాటంటే పడలేను."

ఆ రోజునుంచి నేను గయ్యాళినయ్యాను. ఆయనకి వినపడటం లేదని ఊరు అనుకోకూడదు కాబట్టి, నాకు నోరెక్కువని అనుకుంది. పోయిన ఏడాది మా చర్చి స్త్రీ సమాజం కూడికలో, అది నడిపించే పుష్పలతమ్మగారు "మనలో ఒక సహోదరి నాలుక కోసం" అని ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. ఆ సహోదరి ఎవరో నాకు తెలీదా? ఆమెన్ కూడా నేనే అందరికంటే గట్టిగా అన్నాను, అలవాటు కొద్దీ.

ఇంతలో కొత్త చట్టాలు వచ్చిపడ్డాయి. ఈయనకి పాత సెక్షన్లన్నీ నోటికొచ్చు. వాటి నంబర్లన్నీ మారిపోయాయి. వకీళ్ళకి ఆన్‌లైన్‌లో తరగతులు పెడుతున్నారని, పేదవాళ్ళ కేసులు చేసేవాళ్ళు తప్పకుండా చేరాలని కబురొచ్చింది. వారానికి రెండు సాయంత్రాలు పాఠాలు. ఆఖరి రోజున మాత్రం అందరూ బాపట్ల వచ్చి, ఉత్తుత్తి బెయిలు కేసు ఒకటి ఇస్తే నిలబడి వాదించాలి, అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పాలి. అది చేసినవాళ్ళకే సర్టిఫికెట్టు. సర్టిఫికెట్టు లేకపోతే పేదల కేసులు ఇవ్వరు. "ఇది అవ్వకపోతే కోటు బీరువాలో పెట్టేస్తాను హెలెన్. అరవై దాటాయి, చాల్లే" అన్నారాయన, కాగితాలు సర్దుకుంటూ. ఆ కోటు లేకపోతే ఈ మనిషి పొద్దున్నే లేచి ఏం చేస్తాడు? నన్ను "ఇంకోసారి చెప్పు" అంటూ కూర్చుంటాడు, ఇంకేం చేస్తాడు!

లాప్‌టాప్ నేనే పెట్టాను. కరోనా అప్పుడు ఐదో తరగతి పిల్లలకి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పినదాన్ని. "అమ్మా, మీ మైకు ఆపండి, మీ ఇంట్లో కుక్కరు కూత అందరికీ వినపడుతోంది" అని తల్లులందర్నీ కసిరినదాన్ని. ఈయనకి మైకు ఎక్కడ నొక్కాలో, ఎక్కడ ఆపాలో చూపించాను. గొంతు పెంచే మీట కూడా చూపించాను. ఆయన దాన్ని చివరిదాకా పెంచేశారు.

హైదరాబాదు నుంచో ఎక్కణ్ణించో ఒక ప్రొఫెసరుగారు పాఠం మొదలుపెట్టారు. మా ఆయన మొహం చూడాలి మీరు! అలా నోరు కొంచెం తెరుచుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని ఉండిపోయారు. పాఠం అయ్యాక నా వైపు తిరిగారు. "ఒక్క మాట పోలేదు హెలెన్. అన్నీ వినపడ్డాయి. చూశావా, ఈ ప్రొఫెసరుగారికి గొంతు పెంచే మీట ఉంది. జడ్జిగారికి ఉండదు." నవ్వుతూనే అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ఇన్నాళ్ళూ కోర్టులో ఈ మనిషి ఎన్ని మాటలు పోగొట్టుకుంటున్నాడో నాకప్పుడు తెలిసింది.

అప్పణ్ణించి పాఠం ఉన్న రోజున మా వీధంతా లా కాలేజీయే. కొండయ్య కుట్టు ఆపకుండా వినేవాడు. "సారు మంచోరండి. మనందరికీ తెలియాలని అంత గట్టిగా పెడతన్నారు" అని అందరికీ చెప్పాడు. ఒకరోజు జాకెట్టుగుడ్డలో కక్కుర్తిపడ్డ బట్టల కొట్టువాడితో ఫోనులో తగువాడుతూ, "నువ్వు మామూలోడివి కాదురా, మూడొందల పద్దెనిమిదివి!" అన్నాడు. అవతలివాడికి అది తిట్టో పొగడ్తో తెలీలేదు. మోసానికి నాలుగొందల ఇరవై పోయి మూడొందల పద్దెనిమిది వచ్చిందని మా వీధికి తప్ప ఎవరికి తెలుసు?

ఇలా సంతోషంగా గడిచిపోతుంటే చివరి వారం వచ్చింది. పాఠం మధ్యలో ప్రొఫెసరుగారు ఏదో ప్రశ్న వేస్తే మా ఆయన మైకు నొక్కి జవాబు చెప్పారు. బాగా చెప్పినట్టున్నారు, ప్రొఫెసరుగారు మెచ్చుకున్నారు. "శాలేమురాజుగారూ, బాపట్లలో మొదట మీరే వాదించాలండి. కుర్రాళ్ళు చూసి నేర్చుకుంటారు" అన్నారు.

నేను వంటింట్లో పప్పు తిరగమోత పెడుతున్నాను. మా ఆయన జవాబు విన్నాను. "ఆ రోజు నేను రాలేనండి. పెళ్ళి ఉంది" అన్నారు.

పెళ్ళంట! ఎవరి పెళ్ళి? ఈ మనిషి జన్మలో అబద్ధం ఆడింది లేదు. వేరే వకీళ్ళు కూర్చుని ఉండే హాల్లో, మీట లేని మనుషుల మధ్య, అడిగిన ప్రశ్న వినపడక నిలబడిపోతానని భయం. అందుకని అబద్ధమాడి, చేతులారా ఆ పనే వదిలేసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గరిటె పట్టుకునే గదిలోకి వెళ్ళాను.

"ఎవరి పెళ్ళండీ? చెప్పండి, ఎవరి పెళ్ళి? వినపడదని ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోతుంది? మీ చెవులు దాచడానికి ఆరేళ్ళుగా ఊరందరి దగ్గరా నేను గయ్యాళినయ్యానే! నా నాలుక కోసం సంఘంలో ప్రార్థనలు చేస్తున్నారే! చెవుడు మీది, పేరు పాడయ్యింది నాది! అదీ పడ్డాను. మీరు ఆ కోటు వేసుకుని వెళ్తుంటే చాలనుకుని పడ్డాను. ఇప్పుడు ఆ కోటే తీసేస్తారా? నేనొప్పుకోను!"

అప్పుడు లాప్‌టాప్ లోంచి, మా వీధంతా వినపడేలా, ప్రొఫెసరుగారి గొంతు వచ్చింది. "అమ్మా... మైకు ఆన్‌లో ఉందండి."

తెర మీద తెనాలి, బాపట్ల, గుంటూరు వకీళ్ళందరి మొహాలూ చిన్నచిన్న గళ్ళలోంచి మమ్మల్నే చూస్తున్నాయి. మా ఆయన మెల్లగా లాప్‌టాప్ మూసేశారు. నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది. లేచి వెళ్ళి, చిలక్కొయ్యకి వేలాడే నల్లకోటు తీసి, మడతపెట్టి బీరువాలో పెట్టారు. ఆ పూట పప్పు ఎవరం తినలేదు. దేవుడా, ఈ గొంతు నాకెందుకిచ్చావని మొదటిసారి అనుకున్నాను.

మర్నాడు పొద్దున గేటు ముందు ఆటో ఆగింది. దిగింది ఎవరనుకున్నారు? బాపట్ల శ్యాంప్రసాద్ గారు! ఎగతాళి చెయ్యడానికి ఇంతదూరం వచ్చాడా అని నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"వదినగారూ, కాస్త కాఫీ ఇప్పిస్తారా? చెరుకుపల్లి దగ్గర బస్సు చాలాసేపు ఆపేశాడు" అన్నారాయన. వదినగారూ అన్నాక ఇంకేమంటాం, దారి వదిలాను.

ఆయన మా ఆయనకి ఎదురుగా కూర్చుని, చెవిమీద పడ్డ జుట్టు పక్కకి తీసి, బఠాణీగింజంత మిషను బయటికి తీసి బల్లమీద పెట్టారు. మా ఆయన దాన్ని చూశారు, ఆయన్ని చూశారు.

"రెండేళ్ళయింది అన్నయ్యా పెట్టుకుని. ఎవరికైనా తెలిసిందా?" అన్నారు శ్యాంప్రసాద్ గారు. "అంతకుముందు నాకు వినపడక అరిచేవాణ్ణి. ఇది పెట్టుకున్నాక మీకు వినపడాలని అరుస్తున్నాను. ఆ బాధ పడ్డవాణ్ణి, మిమ్మల్ని గుర్తుపట్టలేనా? మీ అంతట మీరు చెబుతారని చూశాను. పాపం వదినగారు చెప్పాల్సి వచ్చింది."

ఈ మాటలన్నీ ఆయన గట్టిగానే చెప్పారు. కోర్టులో చెప్పినట్టే. చెప్పి, మిషను మళ్ళీ చెవిలో పెట్టుకున్నారు.

మా ఆయన బల్లకేసే చూస్తూ, "నా వాళ్ళని... చెవిటి వకీలు చాల్లే మీకు అంటారని భయం శ్యాంప్రసాదూ" అన్నారు.

"వినపడకుండా వాదిస్తే ఆ మాట నిజమే అవుతుంది కదా అన్నయ్యా."

నేను కాఫీ గ్లాసులు తీశాను. మా ఆయన లేచి చొక్కా మార్చుకున్నారు. ఆ పూటే ముగ్గురం రైలెక్కి తెనాలిలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

మిషను పెట్టగానే మా ఆయన పైకి చూసి, "ఈ ఫ్యాను ఇంత గోల చేస్తోందేంటి?" అన్నారు. తర్వాత రైల్లో పల్లీలవాడి కేక విన్నారు, వాడు వేమూరు స్టేషన్లో దిగిపోయి ప్లాట్‌ఫారం మీద అరుస్తుంటే అది కూడా విన్నారు. విన్నదల్లా నాకు చెబుతూనే ఉన్నారు. ఇంటికొచ్చేసరికి పుష్పలతమ్మగారు వరండాలో కూర్చుని ఉన్నారు, కొండయ్య ద్వారా ఆవిడకి అంతా చేరిపోయింది. "హెలెనమ్మా, మేం తెలీక ప్రార్థన చేశామమ్మా" అని నా చేతులు పట్టుకున్నారు. "చేసింది చేశారుగా, అలా ఉండనివ్వండి, ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నాను.

బాపట్ల వెళ్ళే రోజున బీరువాలోంచి కోటు నేనే తీసి ఇస్త్రీ చేశాను. హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నాను. మొదట మా ఆయన్నే పిలిచారు. ఆయన లేచి, మాట్లాడబోయే ముందు చెవి వెనక వేలుపెట్టి మిషను సర్దుకున్నారు, అందరూ చూస్తుండగానే. దాచలేదు. ప్రశ్నలడిగే పెద్దాయనకి గొంతే లేదు, ఆయన అడిగింది నాకే సగం వినపడలేదు. మా ఆయన ఒక్కసారి కూడా ఇంకోసారి చెప్పండి అనలేదు. అడగ్గానే జవాబు, అడగ్గానే జవాబు. అవతలి పక్షాన లేచింది శ్యాంప్రసాద్ గారు. ఇద్దరూ ఎంత నెమ్మదిగా వాదించుకున్నారంటే, తెనాలివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

సర్టిఫికెట్టు పట్టుకుని సాయంత్రం రేపల్లె బస్సెక్కాం. కాలవగట్టు దగ్గర గాలి కొడుతుంటే "కిటికీ వెయ్యండీ!" అన్నాను. బస్సు మొత్తం నావైపు తిరిగింది, కండక్టరుతో సహా.

"ఎందుకలా అరుస్తావు? వినపడుతోందిగా" అన్నారు మా ఆయన, కిటికీ వేస్తూ.

నాకు సిగ్గేసింది. గొంతు తగ్గించాలని చూశాను. రాదే! ఆరేళ్ళయింది, మెల్లగా ఎలా మాట్లాడాలో మర్చిపోయాను. అప్పుడు తట్టింది నాకు. ఈ ఆరేళ్ళలో ఈయనతో టీ గురించి అరిచాను, బిల్లుల గురించి అరిచాను, మందులేసుకోమని అరిచాను. అరిచి చెప్పడానికి వీల్లేని మాటలు కొన్ని ఉంటాయి కదా, అవి ఒక్కటీ చెప్పలేదు. వీధి వింటుందని మానేశాను.

చెరుకుపల్లి దాటాక, చీకటి పడుతుంటే, ఆయన వైపు వంగాను. కష్టపడి గొంతు బాగా తగ్గించి, "ఇవాళ మిమ్మల్ని చూస్తుంటే నాకు చాలా గర్వంగా అనిపించిందండి" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి, "ఇంకోసారి చెప్పు" అన్నారు.

నాకు ప్రాణం ఉసూరుమంది. "ఏంటి, వినపడలేదా?"

"వినపడింది" అన్నారాయన. "ఇంకోసారి చెప్పు."