మా అత్తమ్మ ఉపవాసం

ఏడాదిగా మా అత్తమ్మ సాలవ్వకు యేసయ్య పలకడం లేదు. ఆ మాట ఆమే రోజుకు రెండుసార్లు నాతో చెప్పి కళ్ళు ఒత్తుకుంటుంది. మామయ్య పోయిన దగ్గర్నుంచీ ఇదే గోడు. "మోకాళ్ళు నొస్తున్నయి గానీ ఆయన దగ్గరున్నట్టు అనిపిస్తలేదే వినోదా" అనేది.

అందుకే కామారెడ్డి చర్చిలో మూడు రోజుల ఉపవాస ప్రార్థన అని తెలియగానే మా ఇద్దరి పేర్లూ రాయించాను. ఈసారైనా ఆయన పలుకుతాడని ఆమె నెల ముందు నుంచే ఎదురుచూసింది. బయలుదేరే రోజు పొద్దున తెల్లచీర కట్టుకుంది, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఎల్లారెడ్డి బస్టాండుకు పోదామని గడప దాటామో లేదో, పక్కింట్లోంచి భూదవ్వ ఏడుపు వినిపించింది.

పరుగెత్తి వెళ్ళాం. గంజి వంచుతుంటే ఆమె కుడిచేయి కాలింది. బీడీలు చుట్టే చేయి. ముందురోజే తునికాకు నానబెట్టుకుంది. నానిన ఆకును ఆ రోజే కత్తిరించి చుట్టేయాలి, మర్నాటికి బూజు పడుతుంది. చెప్పినన్ని బీడీలు అప్పజెప్పకపోతే కార్ఖానావాళ్ళు వచ్చే వారం ఆకు ఇవ్వరు.

నేను చేతికి మందు రాసి, మాత్ర వేసి, "అత్తమ్మా, బస్సు" అన్నాను. ఆమె బైబిలు సంచి గోడకు తగిలించి, తునికాకు చాట ఒళ్ళో పెట్టుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "వాడకట్టుల బీడీలు చుట్టేటోళ్ళు ఇంకెవ్వరు లేరా?"

"అందరిండ్లల్ల ఆకు నానే ఉంటది గద పిల్లా. ఎవరి చేతులు ఖాళీ ఉన్నయి?" అంటూ కత్తెర అందుకుంది.

మూతి ముడుచుకునే పక్కన కూర్చుని కట్టలు కట్టసాగాను.

మధ్యాహ్నం భూదవ్వ ఎడమచేత్తోనే చాయ్ పెట్టి తెచ్చింది. "తాగు అక్కా, తంబాకు ఘాటుకు తల తిరుగుతది." పాపం, ఉపవాసం సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పబోతే అత్తమ్మ మోకాలితో పొడిచి, గ్లాసు అందుకుని గటగటా తాగేసింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అంత ఆశపడ్డ ఉపవాసం ఒక్క గ్లాసు చాయ్‌తో పోయింది కదా!

భూదవ్వ గోడవారన పడుకుని నిద్రపోయింది. కాసేపటికి అత్తమ్మ ఏదో గొణుగుతుంటే నాతోనేమో అనుకుని తలెత్తాను. ఆమె నా వైపు చూడటం లేదు.

"ప్రభువా, ఈ ఆకు పలిగింది సూడు. ఇంకా రెండు వందల బీడీలున్నయి. దాని చెయ్యి మంట జర తగ్గనియ్యి. మా ఆయన ఉంటే ఈపాటికి చుట్టుడు అయిపోతుండె, నీకు ఎరుకేనాయె..."

మామయ్యతో ముచ్చట పెట్టినట్టే ఉంది. మధ్యలో నవ్వింది కూడా. ఆ నవ్వు విని ఏడాదైంది. అది ఎక్కడ ఆగిపోతుందోనని నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ఆఖరి కట్ట కట్టేసరికి పొద్దు వాలింది. ఆమె చీర మీది తంబాకు పొడి దులుపుతూ, "అయితే ఇగ కామారెడ్డికి పోయే పనిలేదు గద?" అన్నాను.

అత్తమ్మ నన్ను తెలివిలేనిదాన్ని చూసినట్టు చూసింది.

"ఎందుకు లేదే? ఇయ్యాల ఆయనే నా దగ్గరికి ఇంత దూరం వచ్చిండు. రేపు నేను ఆయన దగ్గరికి పోవద్దా?"