ఖాళీ డబ్బాకి కొత్త ఫ్యాను

వెబ్‌సైట్లకి చోటు అద్దెకిచ్చే వ్యాపారంలో వదినకున్న చెవి ఇంకెవరికీ లేదు. మెషీన్ల గదిలో అరల మధ్య నిలబడి కాసేపు వింటుంది. "బేకరీవాళ్లది ఇవాళ నలతగా ఉంది," అంటుంది. సాయంత్రానికల్లా బేకరీవాళ్ల మెషీను మూలగడం మొదలెడుతుంది. ఏ మెషీను ఎవరిదో తెలిసేలా ప్రతిదాని మీదా ఒక స్టిక్కరు. కస్టమరు ఎప్పుడు కావాలంటే అప్పుడొచ్చి తన మెషీనుని కళ్లారా చూసుకుని పోవచ్చు. అది వదిన పెట్టిన పద్ధతి. ఏసీ గదిలో దానికి చలేస్తుందేమోనని ఒకాయన చిన్న దుప్పటి కూడా తెచ్చాడు. వదిన కసిరి పంపింది.

ఆ వదిన తమ్ముణ్ణి చేసుకున్న పాపానికి మరదలు కూడా ఆ కంపెనీలోనే చేరింది. చేరిన రోజు నుంచీ ఆ స్టిక్కర్లు చూస్తే ఆవిడకి ఒళ్లుమంట. ఒక మెషీను పడుకుంటే అందులో ఉన్న సైటూ పడుకుంటుంది. పక్క మెషీను మాత్రం పనీపాటా లేక గోళ్లు గిల్లుకుంటూ ఉంటుంది. అన్నిటినీ కలిపి గ్రిడ్ చేసేద్దామని మరదలు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"ఏ సైటూ ఒక్క మెషీన్లో ఉండదు వదినా. అన్నిటిమీదా నడుస్తుంది. ఒకటి చస్తే మిగతావి పని అందుకుంటాయి. ఎవరెంత వాడుకుంటే అంతే బిల్లు, కరెంటు లాగ."

"అంటే ఉమ్మడి కాపురం," అంది వదిన.

"అలాగే అనుకోండి."

"ఉమ్మడి కాపురంలో ఎవరి పని ఎవరందుకున్నారే? నేను చెయ్యలేదూ, చూడలేదూ?"

చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. మిగతావాళ్లని ఏమైనా చేసుకోవచ్చు, పేరయ్య మెషీను జోలికి మాత్రం వెళ్లకూడదు. పెళ్లి సంబంధాలు కుదిర్చే ఆయన్ని అందరూ పెళ్లిళ్ల పేరయ్య అనే పిలుస్తారు, అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో. కంపెనీకి మొట్టమొదటి కస్టమరు. ఆయన మెషీను ఆయనదే, ఇంకెవరూ అందులో కాలు పెట్టరని వదిన మాటిచ్చింది. అది తప్ప మిగతా మెషీన్లన్నీ గ్రిడ్డులో కలిశాయి.

ఆ మెషీను మీద మరదలికి పాత కక్ష ఉంది. సరిగ్గా ఆవిడ పెళ్లిరోజు పొద్దున్నే అది ఆగిపోయింది. తమ్ముడి పెళ్లి మానేసి వదిన దాని పక్కన కూర్చుంది. పెళ్లి ఫోటోల్లో ఎక్కడ వెతికినా ఆడపడుచు కనపడదు. ఇప్పుడు వదిన కూతురికి నెలలు నిండాయి. వేరే ఊళ్లో ఉన్న ఆ పిల్ల రోజూ ఫోన్ చేసి, "అమ్మా, ఎప్పుడొస్తావు?" అని అడుగుతోంది. వదిన నీళ్లు నములుతోంది. పేరయ్య మెషీను ముసలిదైపోయిందట, తను పక్కన లేకపోతే ఆగిపోతుందట.

ఇక్కడే మరదలు ఒక పని చేసింది. వదిన ఆ మెషీనుకి కొత్త ఫ్యాను కొనడానికి బజారుకెళ్లిన పూట, లోపలి డిస్కు కటకటమని పళ్లు కొరకడం మొదలెట్టింది. మాట నిలబెట్టాలా, పేరయ్య సైటు నిలబెట్టాలా అని ఆలోచించే టైము లేదు. మొత్తం సైటుని తీసి గ్రిడ్డు మీదకి ఎక్కించేసి, డిస్కుని ఆపేసింది. పాతదాంట్లో ఇక దీపాలు తప్ప ఏమీ లేవు. వదిన రాగానే చెప్పేద్దామనుకుంది.

వదిన చెమటలు కక్కుకుంటూ వచ్చింది. ఆ డబ్బా మూత విప్పి, దుమ్ము తుడిచి, ఫ్యాను బిగించి, చెవి ఆనించి విని, "విన్నావుటే, ఎంత హాయిగా ఊపిరి తీసుకుంటోందో," అంది. ఆ మొహం చూశాక మరదలికి నోరు పెగల్లేదు. మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది. ఆ తర్వాత వదిన రోజూ ఆ ఖాళీ డబ్బాని పలకరిస్తూనే ఉంది, కూతురి దగ్గరికి ప్రయాణాన్ని వాయిదా వేస్తూనే ఉంది. మరదలికి తిండి సయించడం మానేసింది.

ఒకరోజు పేరయ్య వచ్చాడు. సంబంధాల సీజను జోరు మీద ఉంది, ఆయన ఫోను మోగుతూనే ఉంది.

"మొన్నటి నుంచి నా సైటు గుర్రంలా పరిగెడుతోందమ్మా," అన్నాడు.

"కొత్త ఫ్యాను," అంది వదిన గర్వంగా. మరదలు తన గోళ్లకేసి చూసుకుంది.

పేరయ్య తన మెషీనుని ఆప్యాయంగా తట్టి, ఫోన్లో ఛార్జింగ్ అయిపోతోందని కింద ప్లగ్గు కోసం వెతికి, అందిన ప్లగ్గు పీకి తనది పెట్టుకున్నాడు. ఆయన పీకింది తన మెషీనుదే. దీపాలు ఆరిపోయాయి. ఫ్యాను ఆగిపోయింది.

వదిన "అయిపోయింది," అని ప్లగ్గు కోసం నేల మీద చతికిలబడింది. ఇంతలో పేరయ్య ఫోను మోగింది. "ఆఁ, చూశారా? అబ్బాయి ఫోటో బాగుందా? సైట్లో ఉందిగా, ఇంకోసారి తెరవండి. వచ్చిందా? సరే, సరే." పెట్టేసి చూస్తే ఆడవాళ్లిద్దరూ కొయ్యబారి ఉన్నారు.

"ఇది ఆగిపోయింది కదా," అన్నాడు పేరయ్య మెల్లగా. "వాళ్లకెలా వస్తోంది?"

ఇక దాచడం కుదరలేదు. మరదలు మొత్తం చెప్పేసింది. పేరయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఉమ్మడి కాపురంలోకి పిల్లనివ్వొద్దని ఊరందరికీ చెప్పేవాణ్ణి, నన్నే తీసుకెళ్లి పడేశారన్నమాట. పోనీలెండి, బాగానే చూసుకుంటున్నారు," అని టీ అడిగి, తాగి, వెళ్లిపోయాడు.

వదిన మాత్రం నేల మీంచి లేవలేదు. "ఇన్నాళ్లూ ఖాళీ డబ్బాకి చాకిరీ చేశానా?"

"చెప్పకపోవడం నాదే తప్పు వదినా. భయమేసింది."

"చెప్పకపోతే పోయావు. నేను లేకపోయినా నడుస్తుందా ఇదంతా?"

"నడుస్తుంది."

"కాస్త బాధపడుతూ చెప్పవే."

అప్పుడు మరదలికి కూడా ఏడుపొచ్చింది. "నా పెళ్లికి మీరు రాలేదు వదినా. మీకోసం మండపంలో అందరి మొహాలూ వెతుక్కున్నాను. మీ అమ్మాయి చిన్నపిల్ల, పురిటి మంచం మీంచి మిమ్మల్ని వెతుక్కోకూడదని చేశాను."

వదిన లేచి, బేకరీవాళ్ల మెషీను ప్లగ్గు పీకి, ఫోన్లో వాళ్ల సైటు తెరిచింది. కేకులు నిక్షేపంలా ఉన్నాయి. పక్కది పీకబోయింది.

"అన్నీ పీకకండి, అప్పుడు నిజంగానే పోతుంది," అంది మరదలు. వదినకి నవ్వొచ్చింది. ఆ సాయంత్రమే బస్సెక్కింది.

తర్వాత కొన్నాళ్లకి వదిన ఫోను. మెషీన్ల సంగతి ఏ వరసలో అడుగుతుందో తెలుసు కనక మరదలు జవాబులన్నీ సిద్ధం చేసుకుని ఎత్తింది.

"ఉండు, ఒకటి వినిపిస్తా," అంది వదిన. కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా ఊపిరి చప్పుడు, మధ్యలో చిన్న తుమ్ము. "విన్నావా? ఆ ఫ్యానుకీ దీనికీ ఒక్క తేడా లేదు."

"ఎలా ఉంది పాప?"

"నాకు దొరికితే కదా చెప్పడానికి. వియ్యపురాలు దింపితే అల్లుడు, అల్లుడు దింపితే వాళ్ల అక్క. ఒకళ్లు వదిలేలోగా ఇంకొకళ్లు అందుకుంటున్నారు. నువ్వు చెప్పిన గ్రిడ్డు ఇక్కడుందే. ఉండు ఉండు, ఆవిడ స్నానానికి వెళ్లింది, నా వంతొచ్చింది."

ఫోను పెట్టేసింది. ఒక్క మెషీను గురించి కూడా అడగలేదు.