వాలే గుర్రం

హైమవతి కృష్ణలో మోకాళ్ల లోతున నడుస్తోంది, తీరా చూస్తే అవి నీళ్లు కావు, కొండపల్లి బొమ్మలు చెక్కగా రాలిన తెల్లటి చెక్కపొట్టు. ఆ పొట్టు మధ్యలో మేనమామ సింగరాజు పీట వేసుకుని, చెవి మీద పెన్సిల్ ముక్కతో, చనిపోయి మూడేళ్లయినా పద్ధతి మార్చుకోని మనిషిలా ఉలి నూరుకుంటున్నాడు. ఆమెకు పని నేర్పింది ఆయనే. ఆమె ముచ్చటపడి చేసిన రెక్కల గుర్రానికి రెక్కలు ఊడబీకి, ఎందుకో చెప్పకుండానే వారం తిరక్కముందే పోయిందీ ఆయనే. అప్పటినుంచి ఆమె అందరూ చేసే అంబారీ ఏనుగులే చేస్తోంది, సొంతంగా ఒక్క బొమ్మకీ చెయ్యి రాక.

"నా గుర్రాన్ని ఎందుకు పాడుచేశావు మావయ్యా? నాకు ఈ పని రాదనేగా?"

"మూతి ముడుచుకోవడం మాత్రం బాగా వచ్చు," అంటాడాయన. ఒడ్డు దగ్గరికొస్తుంది, మళ్లీ జరిగిపోతుంది, ఎటునుంచో ఆ గుర్రమే నిజం గుర్రమంత పెరిగి వాళ్ల నెత్తిమీదుగా ఎగురుతుంది. "అది దిగేటప్పుడు ఏ కాలు ముందు ఆనుతుందే?"

"లేని గుర్రం సంగతి నాకేం తెలుసు?"

"మరదే. రెక్కలు తగిలించడం ఎంతసేపు! చేపకి కొమ్ములు పెట్టు, వద్దనేదెవరు? వింత ఎవరైనా చేస్తారు. లేని గుర్రమైనా సరే, దాని బరువు నీ ఒంటికి తెలియాలి, అలిసిపోతే రెక్కలెలా ముడుస్తుందో తెలియాలి. దాన్నే ఊహంటారు. నువ్వేమో తీసుకెళ్లి నడ్డి మీద అతికించావు."

గుర్రం పొట్టులోకి దిగుతుంది, ఎడమకాలు ముందు ఆనుతుంది, ఆ అదురు హైమవతి భుజంలో కలుక్కుమంటుంది. ఆయన గుర్రం జబ్బ మీద బొటనవేలు ఆనించి, "ఇక్కణ్ణించి మొలవాలి," అంటాడు. ఆమెకు ఏడుపు ముంచుకొస్తుంది. "అప్పుడే చెప్పొచ్చుగా!" అని అరుస్తుంది, ఆయన నోరు తెరుస్తాడు, గాలికి పొట్టంతా లేచి ఆయన్ని కప్పేస్తుంది.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం మూడయింది. చేతికంటిన చింతగింజల జిగురు ఎండి చర్మాన్ని లాగుతోంది. హైమవతి లేచి అటక మీది పాత గుర్రాన్ని దించింది. మూడేళ్లుగా ఆ ఊడిన మచ్చల వంక చూడలేక దాన్ని గోడవైపు తిప్పే ఉంచింది. కొంగుతో దుమ్ము తుడిచింది. రెండు జబ్బల మీదా, రెక్క అతకాల్సిన చోట సింగరాజు ఎప్పుడూ పెట్టే వడ్లగింజంత పెన్సిల్ గుర్తు ఉంది.