ఇళ్ళు పెట్టించే ఆయమ్మ

తాళంచెవికి కర్రముక్క కట్టి, పైన సైకిలు ట్యూబు రబ్బరు ఇంకో చుట్టు చుట్టి బిగించింది కృపావతి. చెవి చిన్నది. ఆదెమ్మ వేళ్ళు ఇంకా చిన్నవి. కుడిచేతికి బొటనవేలు తప్ప మిగిలినవన్నీ మొదటి కణుపు దగ్గరే ఆగిపోయాయి. ఇలా కర్ర కట్టి ఉంటే అరచేత్తో పట్టుకుని తిప్పుకోవచ్చు.

"ఊఁ, తిప్పు."

వరండాలో ఉన్న రేకుపెట్టె తాళం మీద ఆదెమ్మ రెండుసార్లు ప్రయత్నించింది. మూడోసారి తాళం టక్కున ఊడింది. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడి, ఎవరైనా కోప్పడతారేమోనని చుట్టూ చూసింది.

"నీ తాళమేగా. ఎవరూ ఏమనరు."

"మళ్ళీ వేసెయ్యమంటారా ఆయమ్మా?"

"నీ ఇష్టం."

ఆ మాటకు ఏం చెయ్యాలో తోచక ఆదెమ్మ తాళం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

జగ్గయ్యపేట దాటి పాలేటి వైపు పోయే దారిలో, ఎర్ర గరువు నేల మధ్య ఉంది ఆ మిషను హోము. కుష్ఠు నయమైనా ఇంటికి రానివ్వని వాళ్ళు అక్కడ ఉండిపోయేవాళ్ళు. ఆదెమ్మ ఇరవై రెండేళ్ళ క్రితం వచ్చింది. జి.కొండూరు నుంచి బండిలో తీసుకొచ్చిన అన్న, ఎద్దులకు నీళ్ళు పెట్టొస్తానని పోయి మళ్ళీ రాలేదు. కృపావతి అంతకన్నా పాత మనిషి. చందర్లపాడు నుంచి తల్లికి తోడుగా ఇరవయ్యో ఏట వచ్చింది. తల్లి ఇక్కడే పోయింది. ఆ తల్లి కూతుర్ని చేసుకునేవాడు ఊళ్ళో లేకపోయాడు. ఆయాగా ఇక్కడే నిలిచిపోయింది. జబ్బు ఆమెను ఎప్పుడూ ముట్టలేదు. ముట్టినా ముట్టకపోయినా బతుకు మాత్రం ఒకటే అయింది.

పదేళ్ళ కిందట పెద్ద డాక్టరమ్మ వచ్చాక పద్ధతి మారింది. నయమైన వాళ్ళు ఊళ్ళో సొంతంగా బతకాలంది. ఆ పని కృపావతికి అప్పగించింది. గది వెతకడం, రోగం లేదని ముద్ర వేసిన కాయితం ఇంటివాళ్ళకు చూపించడం, స్టవ్వు వెలిగించడం నేర్పడం, బజారుకు వెంట తీసుకెళ్ళడం, నెలకోసారి వెళ్ళి చూసి రావడం. అలా ముప్పై మందిని సాగనంపింది. అందరూ ఆమెను ఇళ్ళు పెట్టించే ఆయమ్మ అనేవారు. ఈ ఎనభై నాలుగు మార్చితో ఆమెకు యాభై ఎనిమిది నిండి ఉద్యోగం అయిపోతుంది. మొన్న డాక్టరమ్మ పిలిచి, "ఇంతమందికి చూశావు, నెలాఖరులోగా నీకూ ఒక గది చూసుకో కృపావతీ," అంది. కృపావతి సరేనంది. చూసుకోలేదు.

ఆదెమ్మ మూట పట్టుకుని లేచేసరికి హోము ఆడవాళ్ళు ఆమె పరుపు చుట్టి ఎండలో పడేశారు. మంచం గోడవైపు తిప్పారు. ఎవరూ పలకరించలేదు. వెళ్ళేది శ్మశానానికైనా ఊళ్ళోకైనా వాళ్ళు చేసేది ఇంతే. రెండింటికీ తేడా వాళ్ళకు ఎప్పుడూ కనబడలేదు. గేటు దాకా నడిచి ఆదెమ్మ వెనక్కి చూసింది. వరండాలో వరసగా కూర్చున్న ఇరవై మందీ మొహాలు పక్కకు తిప్పుకుని ఉన్నారు.

బస్సులో పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆదెమ్మ చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది. చిల్లకల్లు దాటాక రోడ్డుకు రెండువైపులా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు బస్సంతా ఒక్కసారి దగ్గింది. ఆదెమ్మ కూడా దగ్గింది. అందరితో కలిసి దగ్గినందుకు కాబోలు, ఆమె మొహంలో చిన్న నవ్వు కదిలి పోయింది.

"నాలుగింటికి గంజి ఎవరు పోస్తారు ఆయమ్మా?"

"నువ్వే కాచుకుని, నువ్వే పోసుకుంటావు."

ఆదెమ్మ కొంగు కింద చేతులు ఇంకా లోపలికి లాక్కుంది.

నందిగామ బస్టాండు పక్కన సైకిలు స్టాండులో చీటీలు ఇచ్చే పుల్లయ్య వాళ్ళను చూసి కుంటుకుంటూ ఎదురొచ్చాడు. హోము నుంచి వచ్చి మూడేళ్ళయింది అతను. మెడలో మఫ్లరు, నోట్లో బీడీ, చూస్తే ఇక్కడే పుట్టి పెరిగిన మనిషిలా ఉన్నాడు.

"అదేంది ఆయమ్మా, మంగళవారం తలుపు కొట్టి, తీసేలోపలే పోయారు?" అన్నాడు.

"మంగళవారమా? ఆ రోజు నేను హోములోనే ఉన్నాగా."

పుల్లయ్య బీడీ పడేశాడు. మెల్లగా అన్నాడు. "మీదే అనుకున్నానండి. ముందు రెండు, ఆగి ఒకటి. సరిగ్గా నాలుగింటికి. ఈ మధ్య రోజూ వినబడతంది. మొన్న వత్సవాయి నుంచి మన హోము ఆశీర్వాదం వచ్చాడు, వాడూ అదే అన్నాడు. ఎవరూ అంటే పలకరంట."

హోములో గదులకు లోపల గడియలు ఉండవు. డాక్టర్లు, నర్సులు నెట్టుకుని వచ్చేవారు. రోజూ నాలుగింటికి గంజీ మాత్రలూ తెచ్చే కృపావతి ఒక్కతే తలుపు మీద వేలి కణుపుతో కొట్టి, ఆగి, ఆ తర్వాత లోపలికి వచ్చేది. ఎందుకని ఎవరూ అడగలేదు. తన తల్లి బట్ట మార్చుకునేటప్పుడు ఎవరో నెట్టుకుని వచ్చారు ఒకసారి. అంతే.

"అలవాటైన చెవులు పుల్లయ్యా. అన్నేళ్ళు విన్నారు," అంది కృపావతి.

"అంతేలెండి. భయమేం లేదు, మీ చప్పుడేగా."

ఆమె వెళ్ళబోయి ఆగింది. "పుల్లయ్యా, మొదటిరోజు ఎట్టా ఉండింది నీకు?"

ఇన్నేళ్ళలో ఆయమ్మ ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. అతను ఆలోచించి చెప్పాడు. "వారంరోజులు గడప పక్కనే పడుకున్నానండి. నడిమధ్యకి పోతే ఎవరన్నా లేపి పొమ్మంటారేమోనని."

తిరుపతిరావుది బజారు వెనక సందులో పెంకుటిల్లు. ముందు కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాడు. వెనక గది అద్దెకు ఇస్తాడు. కాయితం చదివి, ఆదెమ్మ చేతులకేసి చూడకుండా, "బావిలో మీరు తోడుకోవద్దు, మా ఆవిడ తోడి పోస్తుంది. ఏడాది చూసి అప్పుడు మాట్లాడుకుందాం," అన్నాడు. కృపావతికి అది మంచి మాటే. తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఆ మాట కూడా అనలేదు.

గది చిన్నది. సున్నం వాసన వేస్తోంది. సందువైపు ఒక కిటికీ, ఒక తలుపు. కృపావతి వత్తుల స్టవ్వు దించి, గిన్నె పట్టుకునేందుకు కుట్టిన గుడ్డపట్టీల సంచి మేకుకు తగిలించింది.

"రోజూ దీపాలవేళ చేతులు రెండూ తిప్పి చూసుకోవాలి. కాలినా నీకు తెలీదు. కళ్ళతోనే తెలుసుకోవాలి."

"చూసుకుంటా."

"ఇప్పుడు తలుపు. నేను బయటికి పోతా. నువ్వు లోపల గడియ వేసుకో. కొడతా. ఎవరూ అని అడుగు. నేనని చెబితేనే తియ్యి."

బయటికి వచ్చి నిలబడింది. గడియ పడిన చప్పుడు వినిపించింది. కొట్టింది. లోపల ఉలుకూ పలుకూ లేదు. కాసేపు ఆగి మళ్ళీ కొట్టింది. ఏమీ లేదు. తలుపు సందులోంచి వంగి చూస్తే, ఇవతలి నుంచి బెత్తెడు దూరంలో ఒక కన్ను ఉంది. రెప్ప వెయ్యడం లేదు. ఆదెమ్మ తలుపుకు మొహం ఆనించి, ఊపిరి బిగబట్టి, ఎవరో వచ్చి తీస్తారని నిలబడి ఉంది.

 ఇది కృపావతి ముప్పై గుమ్మాల్లో చూసిందే. కానీ నెలాఖరున ఒక తలుపు వెనక తనూ ఇలాగే నిలబడి ఉంటుందని ఇవాళే తోచింది.

"నువ్వే తియ్యాలి ఆదెమ్మా. ఇక్కడ నువ్వు తప్ప ఎవరూ లేరు."

చాలాసేపటికి గడియ జరిగింది.

ఆదెమ్మ అన్నం వండింది, పప్పులో ఉప్పు మరిచిపోయింది. ఇద్దరూ మధ్యాహ్నం దాటాక తిన్నారు. కృపావతికి ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతోంది. చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"నెలాఖరుకు నేనూ బయటికి పోవాలి. నా గది వేరేవాళ్ళకు ఇస్తారంట."

ఆదెమ్మ కంచం కడుగుతున్నదల్లా తల ఎత్తింది. "మరి మీకెవరు ఇల్లు పెట్టిస్తారు ఆయమ్మా?"

కృపావతి నవ్వింది. 

అప్పుడు తలుపు చప్పుడైంది. ముందు రెండు. ఆగి ఒకటి.

ఆదెమ్మ తలుపు వంక చూసింది. చాప మీది కృపావతి వంక చూసింది. మళ్ళీ తలుపు వంక చూసింది. బయట కుట్టుమిషను చప్పుడు ఆగిపోయి ఉంది. ఎక్కడో రేడియోలో వార్తలు మొదలవుతున్నాయి.

"మీరు ఇక్కడే ఉన్నారుగా..."

"అడుగు, ఎవరో."

"ఎవరూ?" అంది ఆదెమ్మ.  గట్టిగా మళ్ళీ అంది. "ఎవరూ?"

జవాబు లేదు. కృపావతి లేవబోయే లోపే ఆదెమ్మ వెళ్ళి గడియ తీసింది. సందు సాంతం ఎండ. ఎదుటి గోడ కింద ఒక మేక నిలబడి ఉంది. కుట్టుమిషను మీద సగం కుట్టిన గుడ్డ తప్ప తిరుపతిరావు కూడా లేడు.

"ఎవరూ లేరు."

"సరే. వేసెయ్యి. బాగా అడిగావు," అంది కృపావతి. ఆమె మొహాన చెమట పట్టింది. "అయిదున్నర బస్సుకు పోతా. కాసేపు నడుం వాలుస్తా."

చాప గది నడిమధ్యకు లాక్కుని, కళ్ళజోడు తీసి కిటికీ గట్టు మీద పెట్టి, అటు తిరిగి పడుకుంది.

హోములో నిద్రపోతున్న ఆయాను లేపకూడదు. ఆదెమ్మ స్టవ్వు పక్కన కూర్చుని గంజి కాచింది. రెండు గ్లాసుల్లో పోసింది. ఒకటి తను తాగకుండా, ఆయమ్మ లేచి తాగమంటుందని చూస్తూ కూర్చుంది. ఎండ కిటికీలోంచి చాప మీదికి, చాప మీదినుంచి గోడకు ఎక్కింది. గంజి మీద పొర కట్టింది. ఒక ఈగ వచ్చి కృపావతి పెదవి మీద వాలింది. నడిచింది. ముక్కు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. కృపావతి దాన్ని తోలలేదు.

"ఆయమ్మా. బస్సు టైమైంది."

ఆదెమ్మ దగ్గరికి జరిగి నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. చల్లగా ఉందో వెచ్చగా ఉందో ఆ చేతికి తెలీదు. ఎన్నో ఏళ్ళుగా ఏదీ తెలీదు. కాసేపు అలా ఉంచి తీసేసింది. తర్వాత వంగి, స్పర్శ మిగిలిన తన చెంపను కృపావతి చేతికి ఆనించింది. మట్టిముంతలో నీళ్ళంత చల్లగా ఉంది ఆ చెయ్యి.

లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. ఆ గడియ ఇందాక తానే వేసింది. దానికేసి చూస్తూ నిలబడింది. వెళ్ళమని ఎవరైనా చెబుతారేమోనని ఒకసారి వెనక్కి చూసింది కూడా. చాప మీది మనిషి చెప్పలేదు. ఆదెమ్మ గడియ లాగింది. గడప దాటింది. కొంగు భుజం మీంచి జారినా సర్దుకోకుండా, మొండిచేతులు రెండూ పైకెత్తి, సందులో అరిచింది.

"రండయ్యా! ఎవరన్నా రండి! మా ఇంట్లో మనిషి పోయింది!"

మొదట తిరుపతిరావు పరిగెత్తుకొచ్చాడు. తర్వాత సందులో తలుపులన్నీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

మర్నాడు పొద్దున్నే హోము వెనక, తల్లి పక్కనే కృపావతిని పాతిపెట్టారు. పుల్లయ్య వచ్చాడు. ఆశీర్వాదం వచ్చాడు. ముప్పై మందిలో పద్దెనిమిది మంది రాగలిగారు. ఎవరి ఇళ్ళకు వాళ్ళు తాళాలు వేసుకుని వచ్చారు. హోము ఆడవాళ్ళు వరండాలోంచే చూశారు. కృపావతి పరుపు ఎండలో ఉంది.

డాక్టరమ్మ ఆదెమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "మొదటిరోజే ఇట్లా అయింది. ఆ గదిలో ఒక్కదానివీ ఉండలేవు. నీ మంచం ఇంకా ఖాళీగానే ఉంది, వచ్చెయ్యి."

ఆదెమ్మ గోడవైపు తిప్పిన తన మంచం కేసి చూసింది.

"లేదమ్మా. తలుపు తీసే వచ్చా. పోవాలి," అంది.

ఎవరూ తోడు రాలేదు. తనే బస్సెక్కింది, తనే దిగింది. తిరుపతిరావు భార్య బిందెతో నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళింది. ఆదెమ్మ గది ఊడ్చింది. పొర కట్టిన గంజి పారబోసి, గ్లాసులు తోమింది. చాప దులిపి, అదే చోట, గది నడిమధ్యన పరుచుకుని పడుకుంది.

పక్కకు ఒత్తిగిలినప్పుడు కనిపించింది. కిటికీ గట్టు మీద కృపావతి కళ్ళజోడు. నిన్నటి హడావుడిలో ఎవరి కంటా పడలేదు. ఒక కాడ విరిగితే నల్లదారంతో చుట్టి ఉంది. కాడలు మడవకుండా, దుమ్ము పట్టిన రెండు అద్దాలతో, అది గది లోపలికి తిరిగి ఉంది.